యూదు యువత కోసం విదేశాల్లో ఉండే వాలంటీర్ ప్రోగ్రామ్‌లు: గుంటూరు, విజయవాడ వైపు నుంచి ఎవరైనా వెళ్ళారా?

చేబ్రోలు_టీచర్

అందరికీ నమస్కారం. అడగాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి ఇవాళ రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. మా ఊళ్ళో కొన్ని కుటుంబాలు యూదు మతం పాటిస్తాయని పేపర్లో చదివి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మమ్మల్ని బెనె ఎఫ్రాయిమ్ అంటారు. మా తాతల తరం చర్చికి వెళ్ళేది, 1980ల నుంచి మావాళ్ళు సబ్బాతు (శనివారం పని మానుకుని విశ్రాంతిగా ఉండటం), పండుగలు, హీబ్రూ ప్రార్థనలు మొదలుపెట్టారు. నాకు ఊహ తెలిసేసరికే శుక్రవారం పొద్దు గూకకముందు అమ్మ తలమీద కొంగు వేసుకుని దీపాలు వెలిగించడం ఇంట్లో మామూలు. వేరే దేశాల యూదులు పెట్టుకునే జడ రొట్టె మాకు ఎక్కడ దొరుకుతుంది, చపాతీలే పెట్టుకుంటాం. వైన్ బదులు ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం.

నాకు 23. బి.ఎడ్. అయింది, గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. శనివారం కూడా స్కూలు ఉంటుంది, సెలవు అడిగితే వారం వారం ఎలా ఇస్తామమ్మా అన్నారు, వాళ్ళ ఇబ్బందీ నిజమే. కానీ శనివారం పొద్దున అమ్మావాళ్ళు ప్రార్థనకి బయల్దేరుతుంటే నేను టిఫిన్ బాక్స్ పట్టుకుని గుంటూరు బస్సెక్కడం ప్రతిసారీ గుండెల్లో గుచ్చుకుంటుంది.

అప్పుడప్పుడు విదేశాల నుంచి యూదులు మా ఊరు చూడ్డానికి వస్తుంటారు. అలా వచ్చినవాళ్ళలో నా వయసు అమ్మాయి ఒకామె చెప్పింది, వాళ్ళ యువతకి ప్రత్యేకంగా ప్రోగ్రామ్‌లు ఉంటాయట, ఐదారు నెలలో పది నెలలో వేరే దేశంలో పదిమందితో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, పగలు బళ్ళోనో ఆసుపత్రిలోనో సేవ చేస్తూ, మిగతా వేళల్లో హీబ్రూ, చరిత్ర చదువుకుంటారట. అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఇది నాలాంటి దానికి వీలవుతుందా? వెళ్తే రోజు ఎలా గడుస్తుంది, ఖర్చు ఎవరిది? గుంటూరులో ఒక ఏజెంట్ మూడున్నర లక్షలు కడితే "వాలంటీర్ వీసా" గ్యారంటీ అంటున్నాడు. నాన్న మిర్చి యార్డులో పని చేస్తారు, ఇల్లు తాకట్టు పెట్టయినా పంపిస్తానంటున్నారు. ఆయన ఆ మాట అన్నప్పటి నుంచి నాకు టెన్షన్ ఎక్కువైంది.

రైల్వేకాలనీ_బెజవాడ

చెల్లీ, నీ పోస్టు చదివి మధ్యలో లేచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చి రాస్తున్నాను. నీ శనివారం బస్సు సంగతి నాకు బాగా తెలుసు.

నేను బెనె ఇజ్రాయెల్, మన దేశంలోనే ఉన్న మరో యూదు సమాజం. మా పూర్వీకులది కొంకణ తీరం, అక్కడ గానుగ ఆడించేవాళ్ళు. శనివారం మాత్రం గానుగ తిప్పేవాళ్ళు కాదు కాబట్టి ఊళ్ళోవాళ్ళు "శనివార్ తేలీ" అనేవాళ్ళట, శనివారం పనిచెయ్యని నూనెవాళ్ళు అని. తాతయ్య రైల్వేలో చేరారు, నాన్న కూడా రైల్వేనే, బదిలీ మీద విజయవాడ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడి రైల్వే క్వార్టర్లలో. ఇంట్లో మరాఠీ, గడప దాటితే తెలుగు. బళ్ళో "మీరు క్రిస్టియన్సా, ముస్లిమ్సా" అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు, ఎందుకంటే మూడో మాట చెప్తే ఎవరికీ అర్థమయ్యేది కాదు.

డిగ్రీ అయ్యాక 2009లో నేను ఇజ్రాయెల్ వెళ్ళాను, పది నెలలు. దానికి మాసా నుంచి సాయం దొరికింది. మాసా అంటే ఇజ్రాయెల్ ప్రభుత్వం, జూయిష్ ఏజెన్సీ కలిసి 2004లో పెట్టినది. అది ఒక్క ప్రోగ్రామ్ కాదు, దాని గొడుగు కింద ఎన్నో ఉంటాయి, బళ్ళలో ఇంగ్లిష్ చెప్పేవి, వాలంటీర్ పని, ఇంటర్న్‌షిప్, చదువు. బర్త్‌రైట్ అని ఇంకోటి వినే ఉంటావు, అది 1999లో మొదలైంది, పది రోజుల ఉచిత యాత్ర, ఉండి సేవ చేసేది కాదు. రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు.

ఇప్పుడు నీకు కష్టంగా అనిపించే మాట ముందే చెప్పేస్తాను. ఈ ప్రోగ్రామ్‌లలో ఎక్కువ భాగం ఎవరిని తీసుకోవాలో ఇజ్రాయెల్ "తిరిగిరాక చట్టం" చూసి నిర్ణయిస్తాయి. యూదులెవరైనా ఇజ్రాయెల్ వచ్చి స్థిరపడే హక్కు ఇచ్చే 1950 నాటి చట్టం అది. 1970లో దాన్ని సవరించి, తల్లి యూదురాలైనవాళ్ళు లేదా యూదు మతం పుచ్చుకున్నవాళ్ళు యూదులు అనీ, యూదుల పిల్లలకీ మనవలకీ కూడా ఆ హక్కు ఉంటుందనీ రాశారు. దరఖాస్తుతో పాటు అమ్మానాన్నల కెతుబా, అంటే పెళ్ళి పత్రం, లేకపోతే మన సినగాగు, అంటే ప్రార్థనా మందిరం, ఇచ్చే ఉత్తరం లాంటివి అడుగుతారు. బెనె ఎఫ్రాయిమ్‌ని ఇజ్రాయెల్ ఇప్పటిదాకా గుర్తించలేదు. అందుకని నీ దరఖాస్తు కాగితాల దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఆశపెట్టి, తర్వాత నీ ఏడుపు చూడటం నాకు ఇష్టం లేదు.

కానీ ఒకటి విను. మమ్మల్ని కూడా ఒకప్పుడు ఇలాగే నిలబెట్టారు. మావాళ్ళు వేలల్లో ఇజ్రాయెల్ వెళ్ళాక, పెళ్ళిళ్ళ దగ్గరికొచ్చేసరికి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, మీ వంశం సంగతి తేల్చాలన్నారు. జెరూసలేంలో ధర్నాలు చేస్తే 1964లో గానీ ప్రభుత్వం, పార్లమెంటు "వీళ్ళు అన్ని విధాలా యూదులే" అని ప్రకటించలేదు. మణిపూర్, మిజోరం వైపు ఉండే బెనె మెనాషే అనే సమాజానికి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలలో ఒకరైన సెఫార్దీ ప్రధాన రబ్బీ గుర్తింపు వచ్చింది, అయినా వాళ్ళు వెళ్ళాక లాంఛనంగా మతం పుచ్చుకునే ప్రక్రియ దాటాల్సిందే. మా ఫ్లాట్‌లో రష్యా నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది, వాళ్ళ నాన్న యూదు, అమ్మ కాదు. చట్టం ప్రకారం ఆమెకి ప్రోగ్రామ్‌లో చోటు ఉంది, రబ్బీల లెక్కలో మాత్రం ఆమె యూదురాలు కాదు. ఆమె రాత్రిళ్ళు బాల్కనీలో కూర్చుని ఏడ్చేది. అంటే ఈ బాధ నీ ఒక్కదానిదీ కాదు, మీ ఊరిదీ కాదు. తలదించుకోవాల్సిన పని అసలు లేదు.

రోజు ఎలా గడుస్తుందన్నావు కదా. ఆరుగురం, మూడు గదులు, ఒకటే బాత్రూం. అర్జెంటీనా, ఫ్రాన్స్, అమెరికా, రష్యా, నేను. పొద్దున ఉల్పాన్, అంటే హీబ్రూ తప్ప ఇంకో భాష మాట్లాడని క్లాసు. మధ్యాహ్నం ఊళ్ళో పిల్లల సెంటర్‌కి వెళ్ళి హోంవర్క్ చేయించడం. మొదటి రెండు నెలలూ నేను పిల్లలకి నేర్పింది తక్కువ, వాళ్ళు నాకు నేర్పిందే ఎక్కువ. ఏడేళ్ళ పిల్లాడొకడు నా ఉచ్చారణ సరిదిద్దుతూ నా గడ్డం పట్టుకుని నోరు ఇలా తెరువు అని చూపించేవాడు. అద్దె ప్రోగ్రామ్‌దే, కూరగాయలకి సరిపడా కొంత ఇచ్చేవాళ్ళు, అంతే. సంపాదన అనుకుని వెళ్ళకూడదు. అక్కడ వారం ఆదివారం మొదలవుతుంది. శుక్రవారం మధ్యాహ్నానికి కొట్లు మూస్తారు, చాలా ఊళ్ళలో బస్సులు ఆగిపోతాయి, మళ్ళీ శనివారం రాత్రికే. జీవితంలో మొదటిసారి నేను శనివారం ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా కూర్చున్నాను. ఊరు ఊరంతా నాతో పాటు ఆగింది. అది చాలు నాకు అనిపించింది ఆ రోజు.

అలాగని అంతా పండగ కాదు. అంట్లు ఎవరు తోమాలన్నదాని మీద మేం మాట్లాడుకోవడం మానేసిన వారాలున్నాయి. నవంబర్‌లో అమ్మ గుర్తొచ్చి చాలా బెంగ పెట్టుకున్నాను. అప్పుడు ఎవరో చెప్తే బస్సెక్కి డిమోనా వెళ్ళాను, అక్కడ మా వాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక కొట్టు ముందు నిలబడి కొత్తిమీర కట్ట బేరమాడుతున్న ముసలామె నన్ను చూసి మరాఠీలో "ఎవరి పిల్లవే నువ్వు" అంది. రోడ్డు మీదే ఏడ్చేశాను.

ఏజెంట్ సంగతికొస్తే, ఈ ప్రోగ్రామ్‌లకి ఏజెంట్ అనేవాడే ఉండడు. దరఖాస్తు నువ్వే నేరుగా పెట్టుకుంటావు, వాళ్ళే నీతో మాట్లాడి చూసుకుంటారు. మీ నాన్నగారికి ఈ ముక్క ఇవాళే చెప్పు.

బ్రాడీపేట_నుంచి_బీర్షెబా

అక్కగారు కాగితాల సంగతి స్పష్టంగా చెప్పారు, నేను మతంతో పని లేని దారి గురించి రాస్తాను. నేను ఇజ్రాయెల్‌లో బీర్షెబాలోని బెన్ గురియన్ యూనివర్సిటీలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, చేశాను, మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలోనే.

కిబ్బుట్జ్ వాలంటీర్ అని ఉంటుంది. కిబ్బుట్జ్ అంటే అందరూ కలిసి పని చేసి కలిసి బతికే పల్లె, మొదటిది 1910 ప్రాంతంలో గలిలయ సముద్రం ఒడ్డున దెగానియా. 1967 యుద్ధం తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి కుర్రాళ్ళు వేల మంది వచ్చి అక్కడ పని చేశారు, వాళ్ళలో యూదులు కానివాళ్ళు బోలెడు మంది. ఇప్పటికీ 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళని తీసుకుంటారు, టెల్ అవీవ్‌లో ఉండే ఆఫీసు ఒకటి నమోదు చూస్తుంది. వారానికి ఆరు రోజులు, వంటశాల, బట్టలుతికే చోటు, పశువుల కొట్టం, ఖర్జూరం తోట, ఎక్కడ పడితే అక్కడ. గది, తిండి వాళ్ళవే, చేతి ఖర్చుకి కొద్దిగా డబ్బు. మా ల్యాబ్‌లో కొలంబియా అమ్మాయి అలాగే వచ్చి నాలుగు నెలలు పాలు పిండి తర్వాత చదువులో చేరింది. కాకపోతే నువ్వు కోరుకుంటున్న హీబ్రూ ప్రార్థన, చదువు అందులో ఉండకపోవచ్చు. చాలా కిబ్బుట్జ్‌లు మతాచారాలు పాటించవు, శనివారం కూడా ఆవులకి పాలు పిండాల్సిందే.

వంటింటి గురించి నా అనుభవం ఒకటి చెప్తాను, యూదు ఇంట్లో ఉండబోతున్నవాళ్ళకి పనికొస్తుంది. నాతో గది పంచుకున్నవాడు నియమంగా ఉండే మనిషి. మాంసం, పాలు కలవకూడదు, గిన్నెలు రెండు రకాలు, తోమే స్పాంజీలు కూడా వేరు, ఎర్రది మాంసానికి, నీలంది పాలకి. మనకి కోడికూర అన్నం తిన్నాక చివర్లో పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టుండదు కదా. మొదటి ఆదివారం అలవాటు కొద్దీ అదే కంచంలో పెరుగు వేసుకున్నాను. అతను ఏమీ అనలేదు, కానీ రాత్రి వరకు ఆ కంచాన్ని ఏం చెయ్యాలో ఎవరినో ఫోన్‌లో అడుగుతూనే ఉన్నాడు. తర్వాతి వారం నా కోసం వేరే కంచం, గిన్నె, గరిటె కొని పెట్టాను. మా నాయనమ్మ మడి వంటకి ఒక అలమర వేరుగా ఉంచుకునేది, నాకు ఆవిడే గుర్తొచ్చింది. ఇలాంటి నియమం వెనక ఎంత శ్రద్ధ ఉంటుందో మనకి తెలియనిది కాదు. చేబ్రోలు గారూ, మీ ఇంట్లో ఇవన్నీ ఇప్పటికే పాటిస్తుంటారు కాబట్టి మీకు నాకంటే సులువే.

భద్రత గురించి ఎవరూ రాయలేదు, నేను దాచను. 2023 అక్టోబర్ 7న గాజా సరిహద్దు కిబ్బుట్జ్‌ల మీద దాడి జరిగినప్పుడు అలుమిమ్ అనే చోట వ్యవసాయం నేర్చుకుంటూ పని చేసుకోవడానికి వచ్చిన నేపాలీ విద్యార్థులు పదిమంది చనిపోయారు. వాళ్ళకి ఆ గొడవతో ఏ సంబంధమూ లేదు, మన పిల్లల్లాగే నాలుగు రూపాయలూ నాలుగు ముక్కలూ నేర్చుకుందామని వచ్చినవాళ్ళు. ఆ నెలలో మన ప్రభుత్వం మనవాళ్ళని వెనక్కి తెచ్చేందుకు ఆపరేషన్ అజయ్ పేరుతో విమానాలు పంపింది. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణి బీర్షెబాలోని సొరోకా ఆసుపత్రి మీద పడింది, అప్పుడు ఆపరేషన్ సింధు. సైరన్ మోగితే బీర్షెబాలో నిమిషంలోపు మమాద్‌లోకి, అంటే ఇంట్లో ఉండే గట్టి కాంక్రీటు గదిలోకి వెళ్ళిపోవాలి. నేను స్నానం చేస్తూ తలకి సబ్బుతో పరిగెత్తిన రోజులున్నాయి. మన విదేశాంగ శాఖ ఇచ్చే సూచనలు చూడకుండా టికెట్ కొనొద్దు. వెళ్తే మొదటి రోజే ఎంబసీలో పేరు నమోదు చేసుకోవాలి. మీ అమ్మగారికి ఇవన్నీ ముందే చెప్పి ఒప్పించండి, దాచి వెళ్తే ఆవిడ అక్కడ వార్తలు చూసి తల్లడిల్లిపోతారు.

కృష్ణలంక_కేర్‌గివర్

తల్లీ, ఎనిమిదేళ్ళు ఇజ్రాయెల్‌లో హైఫాలో ముసలివాళ్ళని చూసుకుని వచ్చినదాన్ని. ఆ ఏజెంట్ దగ్గరికి మళ్ళీ వెళ్ళొద్దు. వీసాల సంగతి చెప్తా గుర్తుపెట్టుకో. పనికి బి1, చూడ్డానికి బి2, వాలంటీర్‌కి బి4, చదువుకి ఏ2. బి4 అనేది నిన్ను తీసుకునే సంస్థ అక్కడ ఒప్పుకుంటేనే వచ్చేది, గుంటూరులో కూర్చున్నవాడు గ్యారంటీ ఇచ్చేది కాదు. ఇలాంటివాళ్ళు చేసేది ఏంటంటే బి2 మీద పంపించేసి అక్కడ దిగాక మీ తిప్పలు మీరు పడండి అంటారు.

నాకు జరిగింది ఇదే తరహా. మొదటిసారి మా ఆయన వేరే ఏజెంట్‌కి రెండు లక్షలు కట్టారు, రసీదు ఇవ్వలేదు, ఏడాది తిప్పి ఫోన్ ఎత్తడం మానేశాడు. నా నల్లపూసలు అప్పుడు పోయాయి. తర్వాత తెలిసింది, పనికి పంపే ఏజెంట్‌కి మన ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు చూసుకోవచ్చు, వాడు తీసుకోదగిన ఫీజు కూడా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. నువ్వు వెళ్ళేది పనికి కాదు కాబట్టి ఆ ఫీజు కూడా నీకు అక్కర్లేదు. మీ నాన్నని ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటికి తియ్యొద్దని చెప్పు.

ఇంకో మాట. అక్కడి ముసలివాళ్ళు ఒంటరివాళ్ళమ్మా. నేను చూసుకున్న ఆవిడ హంగేరీలో పుట్టింది, చిన్నప్పుడే అందర్నీ పోగొట్టుకుంది. శుక్రవారం దీపాలు పెట్టే ముందు నా చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకునేది. నా మతం వేరని ఆవిడకి తెలుసు, అయినా నిలబెట్టుకునేది. నువ్వు వెళ్తే ఇలాంటివాళ్ళ దగ్గర నాలుగు మాటలు హీబ్రూలో మాట్లాడు, చాలు.

తెనాలి_రామలింగేశ్వరపేట

తప్పుగా అనుకోవద్దు, సేవే చెయ్యాలనుకుంటే మన చేబ్రోలులోనే చెయ్యొచ్చు కదా, అంత దూరం, అంత ప్రమాదం ఎందుకు?

రైల్వేకాలనీ_బెజవాడ

తెనాలి గారూ, మీరు మంచి మనసుతోనే అడిగారు. ఆ అమ్మాయి వెతుకుతున్నది సేవ ఒక్కటే కాదండీ. తనలాంటి వాళ్ళు పదిమంది ఉన్న ఇంట్లో కొన్నాళ్ళు బతకాలని. బెజవాడలో నేను పెరిగినప్పుడు మా ఇల్లు తప్ప మరో యూదు ఇల్లు నాకు తెలియదు. కనీసం ఒక్క ఏడాదైనా పండగ రోజు పక్కింటి తలుపు కొట్టి పిలుచుకోవాలని ఉండేది. ఆ ఆకలి అన్నంతో తీరేది కాదు.

చెల్లీ, నిన్న రాత్రి ఆలోచిస్తే ఇంకో దారి తట్టింది. ముంబయిలో గాబ్రియేల్ ప్రాజెక్ట్ ముంబయి అని ఒకటి ఉంది, 2012లో మొదలైంది. రకరకాల దేశాల నుంచి యూదు యువత వచ్చి కల్వా బస్తీ పిల్లలకి చదువు చెప్పడం, వాళ్ళకి తిండి అందేలా చూడటం చేస్తారు. నీకు బి.ఎడ్. ఉంది, ఇంగ్లిష్ చెప్పే అనుభవం ఉంది, వాళ్ళకి కావలసింది అదే. ఠాణేలో మా పిన్ని ఉంది, సినగాగు ఆ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. నీ గురించి ఉన్నది ఉన్నట్టు రాయి, ఏ ఊరు, ఎప్పటి నుంచి పాటిస్తున్నారు, ఎవరు గుర్తించారు, ఎవరు గుర్తించలేదు, అన్నీ. లేని కాగితం ఒక్కటి కూడా పుట్టించొద్దు, ఎవరైనా చేయించి ఇస్తామన్నా సరే. ఒకళ్ళు చేసినా రేపు మీ ఊరి పిల్లలందరి దరఖాస్తులూ అనుమానంగా చూస్తారు. వాళ్ళు కాదంటే కాదంటారు, నిజం చెప్పి కాదనిపించుకోవడం వేరు.

ఈలోగా హీబ్రూ ఆపకు. నీకు ప్రార్థనలు చదవడం వచ్చినా మాట్లాడటం వేరే. రోజుకో గంట వీడియో కాల్‌లో నేను చెప్తాను. ఫీజు అడిగితే కోపమొస్తుంది నాకు.

చేబ్రోలు_టీచర్

అందరికీ పేరు పేరునా దణ్ణాలు. రాత్రి పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపించాను. కృష్ణలంక అమ్మ నల్లపూసల దగ్గరికొచ్చేసరికి నాన్న ఇంక చదవొద్దని చెయ్యి అడ్డం పెట్టారు, కాసేపటికి లేచి ఏజెంట్‌కి ఫోన్ చేసి మేం రావట్లేదని చెప్పేశారు. కాగితాల విషయం చదివినప్పుడు అమ్మ మాత్రం ఏం మాట్లాడలేదు. పొద్దున్నే లేచి, "1964 దాకా వాళ్ళు ఆగారు కదా" అంది, అంతే.

ముంబయికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను అక్కా, మొదటి పేరా మీకు మెసేజ్‌లో పంపాను, తప్పులుంటే దిద్దండి. వేసవి సెలవులు నలభై రోజులుంటాయి, ముందు ఆ నలభై రోజులకైనా రానిమ్మని అడుగుతున్నాను. ఇజ్రాయెల్ సంగతి అక్కడ పరిస్థితులు కుదుటపడ్డాక చూద్దామని ఇంట్లో అనుకున్నాం. బీర్షెబా అన్నయ్య గారూ, రెండు స్పాంజీల సంగతి మా ఇంట్లో ఇప్పటిదాకా లేదు, ఇవాళే చేబ్రోలు సెంటర్‌లో ఎర్రది, నీలంది కొన్నాను.

అక్కా, మెసేజ్‌లో మీరు మలీదా అని ఏదో అన్నారు కదా, ఏలీయా ప్రవక్త పేరు మీద మీ ఇంట్లో చేస్తారని. అమ్మ అడుగుతోంది, అటుకులు లావువా, సన్నవా?

రైల్వేకాలనీ_బెజవాడ

లావు అటుకులే, చెల్లీ. నీళ్ళలో ఎక్కువసేపు ఉంచొద్దు, కడిగి వెంటనే వార్చి పక్కన పెడితే అవే మెత్తబడతాయి. పచ్చికొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి, జీడిపప్పు, పైన అయిదు రకాల పండ్లు. మీ వైపు చక్రకేళి బాగా దొరుకుతుంది కదా, అది తప్పకుండా వెయ్యి. అమ్మకి ఫోన్ ఇవ్వు, నేను చెప్తాను.